నేను పదికి మూడు వేసిన ఆట

(నల్లగొండలో ఒక ఆదివారం సాయంత్రం, బల్ల చుట్టూ కూర్చుని ఆటలు ఆడుకునే మిత్రుల సమావేశంలో మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసుకున్నది. మాట తీరు పెద్దగా మార్చలేదు.)

వెనక వినపడుతోందా? సరే. ఫ్యాను కింద కూర్చున్న వాళ్ళకు సరిగ్గా వినపడదని తెలుసు, కానీ ఈ ఎండల్లో ఫ్యాను ఆపమని అడిగే ధైర్యం నాకు లేదు.

బయట కాగితం మీద "గేమ్ డిజైన్" అని చూసి పబ్జీ గురించి అనుకుని వచ్చిన పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉన్నారు, మెట్ల దగ్గరే ఆపి అడిగారు, మేడమ్, ఫోన్ చార్జింగ్ ఎంత ఉండాలి అని. ఏమీ అక్కర్లేదు. ఈ ఆటలకు ఫోన్ వద్దు, కరెంటు కూడా వద్దు. నలుగురు మనుషులు, ఒక కాగితం, పాచికలో గవ్వలో చింతపిక్కలో ఏవో ఒకటి, రెండు మూడు గంటల తీరిక. టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు, మనం ఆర్పీజీ అనుకుందాం. ఒకరు కథ నడుపుతారు, "కోట గేటు ముందర ఉన్నారు, లోపల కుక్క మొరుగుతోంది, ఇప్పుడేం చేస్తారు?" అని అడుగుతారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. ఒగ్గు కథ చూసినవాళ్ళకు ఇంకా తేలిగ్గా చెప్తాను. ప్రధాన కథకుడు మల్లన్న కథ చెబుతుంటే పక్కనున్నవాళ్ళు ఊకొట్టి, మధ్యలో తామే పాత్రలై మాట్లాడతారు కదా. ఇక్కడ తేడా ఏంటంటే, మల్లన్న తర్వాత ఏం చేస్తాడో ఎవరికీ ముందుగా తెలియదు, మల్లన్నగా కూర్చున్న మనిషి అప్పటికప్పుడు తేలుస్తాడు, ఆ పని అయ్యిందా కాలేదా అని పాచిక తేలుస్తుంది.

ఇలాంటి ఆటల్లో ఏది బాగా తయారైంది, ఏది కాలేదు, ఎలా చెప్పాలి అన్నదాని గురించి మాట్లాడమన్నారు నన్ను. నాకు ఆ అర్హత ఎలా వచ్చిందంటే, నేను ఒకసారి ఘోరంగా తప్పు చెప్పాను. మంచి ఆటకు పదికి మూడు మార్కులు వేశాను. ఆ ముచ్చటే ఇవాళ చెప్పబోయేది, కాకపోతే అక్కడికి వెళ్ళే ముందు కొంచెం అటూ ఇటూ తిరుగుతాను, లెక్కల లెక్చరర్‌ని కదా, బోర్డు లేకుండా మాట్లాడమంటే దారి తప్పుతుంటాను.

ఈ ఆటలు మొదలైంది 1974లో. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అని చిన్న ఊరు, అక్కడి గ్యారీ గైగాక్స్, మినెసోటాలో ఉండే డేవ్ ఆర్నెసన్ కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చారు. అట్టపెట్టెలో మూడు పలచని పుస్తకాలు, మొదటి విడత 1000 పెట్టెలు, ఇంట్లో కూర్చుని చేతులతో సర్దుకున్నవి. ఆ మరుసటి ఏడాది, 1975లోనే, ఆరిజిన్స్ అవార్డులు అని మొదలయ్యాయి. అంటే పిల్ల పుట్టీ పుట్టకముందే ఊళ్ళో అందాల పోటీ పెట్టినట్టు. నిజానికి అప్పుడు వాళ్ళ దృష్టి ఎక్కువగా యుద్ధాల ఆటల మీద ఉండేది, ఆర్పీజీలు మెల్లగా వచ్చి చేరాయి.

ఇప్పుడు పెద్ద పేరున్నవి "ఎన్నీ" అనే అవార్డులు, 2001లో మొదలయ్యాయి. పద్ధతి ఏంటంటే, ఏటా అభిమానులే ఓట్లేసి ఐదుగురు జడ్జీలను ఎన్నుకుంటారు, ప్రచురణకర్తలు ఆ ఐదుగురికీ పుస్తకాలు పంపుతారు, వాళ్ళు వడపోసి ఒక్కో విభాగానికి కొన్ని పేర్లు ఇస్తారు, మళ్ళీ జనం ఓట్లేస్తారు, బంగారం ఒకరికి, వెండి ఒకరికి. జెన్ కాన్ అనే పెద్ద ఆటల జాతరలో ఇస్తారు. అందులో నియమాలకు వేరే, రాతకు వేరే, అట్టమీది బొమ్మకు వేరే, మ్యాపులకు వేరే అవార్డు ఉంటుంది. మ్యాపులకు వేరుగా పెట్టడం చాలా తెలివైన పని అని నా అభిప్రాయం, ఎందుకంటే మ్యాపు బాగుందని ఆటకు మార్కులేసే పిచ్చి పని తప్పుతుంది. ఆ పిచ్చి పని చేసిన మనిషి మీ ముందే నిలబడింది.

ఇంకోటి డయానా జోన్స్ అవార్డు. ఈ పేరు వెనక ముచ్చట నాకు చాలా ఇష్టం. 1984లో టీఎస్ఆర్ అనే కంపెనీ, డంజన్స్ అండ్ డ్రాగన్స్ వేసినవాళ్ళే, ఇండియానా జోన్స్ సినిమాల మీద ఒక ఆట తెచ్చింది. అంతగా ఆడలేదు. హక్కుల గడువు అయిపోయాక మిగిలిన కాపీలు నాశనం చేయాల్సి వచ్చింది. ఇంగ్లండ్ ఆఫీసులో ఉద్యోగులు చివరి కాపీని కాల్చి, ఆ కాలిన ముక్కల్ని గాజులాంటి ప్లాస్టిక్ పిరమిడ్‌లో పెట్టారు. పేరులో మొదటి అక్షరాలు కాలిపోగా మిగిలింది "డయానా జోన్స్". అదే ట్రోఫీ. అంటే ఈ రంగంలో గొప్పతనానికి ఇచ్చే బహుమతి ఏంటయ్యా అంటే, ఆడక చతికిలపడ్డ ఒక ఆట బూడిద. [నవ్వులు] 2001 నుంచి ఇస్తున్నారు. కమిటీలో ఎవరెవరున్నారో చాలావరకు బయటకు చెప్పరు, విభాగాలు లేవు, ఆటకే ఇవ్వాలని కూడా లేదు. ఒకసారి మనిషికి, ఒకసారి వెబ్‌సైటుకు, ఒకసారి ఐర్లండ్ వాళ్ళు ఆటల సమావేశాల్లో పెట్టే విరాళాల వేలంపాటలకు ఇచ్చారు. 2011లో ఫియాస్కో అనే ఆటకు ఇచ్చారు, కథ నడిపే మనిషే లేని ఆట అది, అందరూ కలిసి నడుపుకోవాలి, అందరూ కలిసి మునగాలి.

ఈ రెండు పద్ధతులకూ ఒకే చిక్కు ఉంది. సినిమాకు అవార్డు ఇవ్వాలంటే చూస్తే చాలు. నవలకు ఇవ్వాలంటే చదివితే చాలు. ఆర్పీజీ పుస్తకం చదివితే ఆట చదివినట్టు కాదు, వంటల పుస్తకం చదివి కడుపు నిండిందా లేదా చెప్పమన్నట్టు ఉంటుంది. జడ్జీల ముందు పుస్తకాల గుట్ట ఉంటుంది. ప్రతిదాన్నీ నలుగురిని పోగేసి మూడు గంటలు ఆడటం ఎవరివల్లా కాదు. కాబట్టి చదువుతారు. చదివితే ఏది బాగుంటుంది? బాగా రాసింది, బొమ్మలున్నది, మంచి కాగితం మీద వేసింది. జనం ఓటు దగ్గరికొస్తే, ఎవరికి ఎక్కువమంది అభిమానులుంటే వాళ్ళ వైపు మొగ్గుతుంది, అది మన దగ్గర వార్డు మెంబర్ ఎలక్షన్ చూసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. నేను ఆ అవార్డుల్ని తక్కువ చేసి మాట్లాడటం లేదు. వాళ్ళ వల్లనే చిన్న చిన్న ఆటలు ఎన్నో నాదాకా వచ్చాయి.

అలా వచ్చినదాంట్లో ఒకటి డ్రెడ్. 2005 నాటి ఆట, ఆ తర్వాతి ఏడాది ఎన్నీల్లో కొత్తదనానికి ఇచ్చే బహుమతి కొట్టింది. భయం కథల ఆట. పాచికలు లేవు. జెంగా ఉంటుంది చూడండి, చెక్క ముక్కలు పేర్చి ఒక్కొక్కటే లాగేది, అది బల్ల మధ్యలో పెడతారు. మీ పాత్ర ఏదైనా కష్టమైన పని చేయాలంటే ఒక ముక్క లాగి పైన పెట్టాలి. కూలితే మీ పాత్ర పోయినట్టే. అంతే రూల్. ఇంకో చిన్న రూలుంది, కావాలని మీరే కూలగొట్టొచ్చు, అప్పుడు మీ పాత్ర పోతుంది కానీ ఒక గొప్ప పని చేసి పోతుంది. భయం గురించి పుస్తకంలో ఏమీ రాయనక్కర్లేకుండా భయాన్ని చేతి వేళ్ళలోకి తెచ్చారు, గంట గడిచాక మా ఆయన చెయ్యి వణకడం నేను కళ్ళారా చూశాను, మామూలుగా ఏ టెన్షన్ లేని మనిషి.

మేం మొదటిసారి ఆడినప్పుడు మా దగ్గర జెంగా లేదు. అగ్గిపెట్టెలు పేర్చాం. ఐదు నిమిషాల్లో కూలింది, మళ్ళీ పేర్చాం, మళ్ళీ కూలింది. బరువు లేదు, నునుపు లేదు, ఫ్యాను గాలికే ఊగుతాయి. అప్పుడు మా వీధిలో వడ్రంగి పని చేసే అన్న దగ్గరికి పోయి 54 ముక్కలు కోసిమ్మన్నాను. "ఏం జేస్తవక్కా గిన్ని ముక్కలు, పొయ్యిల వెట్టనీకా?" అన్నాడు. చెప్తే నవ్వాడు కానీ ఆ సాయంత్రానికి కోసిచ్చాడు. మిషన్ మీద కాదు, చేత్తో. ఇంటికొచ్చి చూస్తే ముక్కలు కొంచెం ఎక్కువ తక్కువ ఉన్నాయి, పనికిరావేమో అనుకున్నాను. ఆడి చూస్తే అద్భుతం. ఎందుకో తర్వాత తెలిసింది, అసలు జెంగా ముక్కలు కూడా అన్నీ అచ్చంగా ఒక్క తీరు ఉండవట, వెంట్రుకవాసి తేడా ఉంటుంది, ఆ తేడా వల్లనే కొన్ని వదులుగా, కొన్ని బిగుతుగా ఉంటాయి. అన్నీ ఒకటే తీరు ఉంటే ఏది లాగాలో వెతకాల్సిన పనే లేదు, వేలితో తట్టి చూసే ఆ క్షణమే ఉండదు. ఆట అంతా ఆ తట్టి చూసే క్షణంలోనే ఉంది. పుస్తకం పదిసార్లు చదివినా నాకు ఇది తెలిసేది కాదు.

లెక్కల వాళ్ళం కాబట్టి ఒక లెక్క చెప్పకపోతే నాకు ముద్ద దిగదు. రెండు నిమిషాలు ఓర్చుకోండి. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఇరవై ముఖాల పాచిక వేస్తారు, ఏ అంకె పడాలన్నా 5 శాతం. పని అవుతుంది, లేదా కాదు. 2010లో విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ అపోకలిప్స్ వరల్డ్ అని ఒక ఆట తెచ్చారు. మామూలు పాచికలు రెండు. మొత్తం 10 గానీ ఆపైన గానీ పడితే పని పూర్తిగా అయినట్టు, 6 గానీ అంతకన్నా తక్కువ గానీ పడితే చిక్కులో పడ్డట్టు, 7 నుంచి 9 దాకా పడితే పని అవుతుంది కానీ దానికి ఏదో ఒకటి చెల్లించుకోవాలి. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. అందులో 10 ఆపైన ఆరు, 7 నుంచి 9 దాకా పదిహేను, మిగతాది పదిహేను. ఇప్పుడు మీ పాత్రకు ఆ పనిలో నేర్పుందనుకోండి, పడ్డదానికి ఒకటి కలపాలి. అప్పుడు పై వాటా ఆరు నుంచి పదికి పోతుంది, కింది వాటా పదిహేను నుంచి పదికి దిగుతుంది. మధ్య వాటా? పదహారు. ఒకటికి బదులు రెండు కలిపితే మళ్ళీ పదిహేను. అర్థమైందా? నేర్పు రెండు దాకా పెరిగినా ఆ మధ్య వాటా దాదాపు కదలదు. "అయింది కానీ" అన్న మాట ప్రతి అయిదు సార్లలో రెండుసార్లు మీ మెడకు చుట్టుకుంటూనే ఉంటుంది, కథ ఆగడానికి వీల్లేదు. ఇది నేను క్లాసులో చెప్తే పిల్లలు సంభావ్యత అనే పాఠం మొదటిసారి మెలకువగా విన్నారు.

ఇక్కడ మన పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది కదా, ఎంతమంది పోయారు? అందరూ పోయారు, నల్లగొండలో అడగకూడని ప్రశ్న. మూడు గర్భగుడుల్లో ఒకదాంట్లో లింగం వెనక గోడ మీద నిలువు నీడ పడి ఉంటుంది, పొద్దంతా కదలదు. అది ఏ స్తంభం నీడో వెతుకుదామని నేను ఓసారి చెయ్యి అడ్డం పెట్టుకుంటూ అరగంట తిరిగాను, దొరకదు, ఎందుకంటే ఒక్క స్తంభానిది కాదు, చాలా స్తంభాల మీదుగా చెదిరి వచ్చే వెలుగు కలిసి చేసే పని అది. మంచి ఆట ఆడినప్పుడు కూడా నాకు ఇలాగే ఉంటుంది. బల్ల దగ్గర ఏదో జరిగింది, మనసు పట్టుకుంది, పుస్తకం తెరిచి ఏ రూలు వల్ల జరిగిందో చూద్దామంటే వేలు పెట్టి చూపించలేం.

సరే, మా పోటీ సంగతి.

హైదరాబాద్‌లో ఒక కూటంలో కూర్చున్నప్పుడు ఒకాయన అన్నాడు, పేరెందుకు, "తెలుగులో ఆర్పీజీ తయారుచేసేవాళ్ళు ఎవరున్నారు, జీరో" అని. నాకు వెంటనే సురవరం ప్రతాపరెడ్డి గుర్తొచ్చాడు. పాలమూరు వాళ్ళం, మాకు అలాగే గుర్తొస్తుంది. అప్పట్లో ఒకాయన నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యం, అంటే సున్నా, అని రాస్తే, సురవరం వాదన పెట్టుకోలేదు. ఊరూరికీ కబురు పెట్టి కవిత్వాలు తెప్పించి, 1934లో గోలకొండ కవుల సంచిక వేశాడు, 354 మంది కవులు తేలారు. అందరూ గొప్ప కవులేనా? కాకపోవచ్చు. కానీ ముందు లెక్కపెట్టాలి కదా, లెక్కపెట్టకుండా గొప్పవాళ్ళెవరో ఎలా తేలుస్తారు? ఆయన రాసిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకే 1955లో తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, అందులో రాజుల ముచ్చట్లు తక్కువ, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏం ఆటలు ఆడారు అన్నది ఎక్కువ. ఆటల గురించి రాయడం చిన్నతనం కాదని నాకు ధైర్యం అక్కడే వచ్చింది.

మేం నలుగురం మహబూబ్‌నగర్‌లో కూర్చుని వాట్సాప్‌లో ఒక మెసేజ్ తయారుచేశాం. తెలుగులో ఆర్పీజీ రాసి పంపండి, ఎన్ని పేజీలైనా సరే, బహుమతి 1116 రూపాయలు, శాలువా. 354 రాలేదు. పదకొండు వచ్చాయి. పదకొండు రావడమే మాకు పండుగ.

నలుగురం తలా పదకొండూ చదివి మార్కులు వేశాం. నా లిస్టులో మొదటిది దేవరకొండ కోట మీద. నలభై నాలుగు పేజీలు, కంప్యూటర్‌లో చేసింది, రంగుల మ్యాపు, ఏడు కొండల మధ్య కోట, సొరంగం, పద్మనాయకుల కాలం నాటి నిధి. ఆ తమ్ముడు ఇక్కడే కూర్చున్నాడు, అడిగే చెప్తున్నాను, మొహం దాచుకోకు తమ్మీ. తొమ్మిది వేశాను. చివరిది నోట్‌బుక్ కాగితం మీద పెన్నుతో రాసి ఫోటో తీసి పంపింది. ఒకటిన్నర పేజీ. ఫోటోలో బొటనవేలు కూడా పడింది. కొట్టివేతలు. పేరు "ముంత". మూడు వేసి పక్కన "అసంపూర్ణం" అని రాశాను. ఎర్ర పెన్నుతో, అలవాటు ప్రకారం.

మా నలుగురిలో ఒకాయన, రైల్వేలో పని చేస్తాడు, ఆయన పట్టుబట్టాడు, ఆడకుండా బహుమతి ప్రకటించేది లేదని. రాసినవాళ్ళు పక్కన ఉండకూడదు, ఫోన్ చేసి అడగకూడదు, కాగితం ఏం చెప్తే అదే. నాకు కోపం వచ్చింది, పదకొండు ఆటలు ఆడాలంటే ఎన్ని ఆదివారాలు, ఇంట్లో పనెవరు చేస్తారు. కానీ ఆడాం. మూడు నెలలు పట్టింది.

కోట ఆటలో ఏమైందంటే, గంటసేపు బ్రహ్మాండంగా నడిచింది. సొరంగం ద్వారం వెతకాలి, ఇరవై ముఖాల పాచికలో 15 దాటాలి. ముగ్గురం వేశాం, ముగ్గురికీ పడలేదు. ఇప్పుడేంటి? పుస్తకంలో ఏమీ లేదు. ద్వారం దొరికితేనే మిగతా ముప్పై పేజీలు. కోట చుట్టూ తిరిగి తిరిగి ఇంటికొచ్చాం. ఇది ఈ తమ్ముడు ఒక్కడి తప్పు కాదు, డంజన్స్ అండ్ డ్రాగన్స్ నాటి నుంచీ అందరూ చేసిందే. రాబిన్ లాస్ అనే ఆయన పరిశోధన కథల కోసం గమ్‌షూ అనే పద్ధతి తయారుచేస్తూ దీన్నే పట్టుకున్నాడు, కథకు తప్పనిసరైన ఆధారం పాచిక లేకుండానే దొరకాలి, దొరికినదాన్ని ఏం చేసుకుంటారన్నదే ఆట అన్నాడు. తమ్ముడు తర్వాత మార్చాడు, ఇప్పుడు ద్వారం ఎలాగైనా దొరుకుతుంది, పాచిక తప్పితే మీతోపాటు ఇంకెవరికో కూడా దొరుకుతుంది. చాలా బాగుంది ఇప్పుడు.

ముంత ఆట మాత్రం మా ఇంట్లో ఆడాం. మా ఆయన, నేను, పక్కింటి వదిన, నాలుగో మనిషి దొరక్క మా అత్తమ్మను కూర్చోబెట్టాం. అత్తమ్మది కల్వకుర్తి వైపు. ఆర్పీజీ అంటే ఏంటో ఆమెకు తెలియదు, చెప్పబోతే "ఆడి సూపియ్యి, చెప్పకు" అంది.

ఆట ఏంటంటే, ముగ్గురు పాలమూరు నుంచి మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని పుణె పోయిన కూలీలు. ఒకరు ఇంటి దగ్గర ఉన్న మనిషి. ఇంటి మనిషి దగ్గర ఒక చీటీ ఉంటుంది, బిడ్డ ఫీజు, పొయిన ఏడాది బోరు అప్పు, ఇంటి మీద రేకులు, దేనికెంత కావాలో రాసుకోవాలి. పది వారాలు. ప్రతి వారం కూలీలు నాలుగు చింతపిక్క బద్దలు చెయ్యి అడ్డం పెట్టుకుని వేస్తారు, ఎన్ని తెల్లగా పడితే అన్ని గింజలు ఆ వారం మిగులు, ఎవరికీ చూపించకుండా ముంతలో వేస్తారు. తర్వాత ఇంటికి ఫోన్. ఈ వారం ఎంత మిగిలిందో చెప్పాలి. ఇంటి మనిషి విన్న అంకెను బట్టి చీటీలో ఖర్చు పెట్టేస్తుంది. నిజమే చెప్పాలని ఎక్కడా లేదు. అబద్ధం చెప్పొచ్చని కూడా లేదు. నేను "అసంపూర్ణం" అని రాసింది అక్కడే.

మొదటి వారం అత్తమ్మ తగువు పెట్టుకుంది. పక్కింటి వదినకు నాలుగూ నల్లగా పడ్డాయి, చెయ్యి తీసి చూపించేసింది సంబరంగా. అష్టా చెమ్మా ఆడినవాళ్ళకు తెలుసు, నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్టా, ఎనిమిది, అన్నిటికన్నా పెద్ద పందెం. ఈ కాగితంలో మాత్రం నాలుగూ నల్లగా పడితే సున్నా, ఆ వారం పని లేదు. "గట్లెట్లుంటది, బోర్ల వడితె ఎనిమిదే గద" అంటుంది అత్తమ్మ. రాసింది అంతే అత్తమ్మా అన్నాను. ఆడుతూ ఆడుతూ నాకు మెల్లగా తెలిసొచ్చింది అతను ఏం చేశాడో. చిన్నప్పటి నుంచీ ఏ పందెం పడితే మన చెయ్యి ఎగిరి గంతేస్తుందో, సరిగ్గా దాన్నే తీసుకుని ఖాళీ చెయ్యి చేశాడు. నల్లగా పడ్డ ప్రతిసారీ ఒక్క క్షణం సంబరం వస్తుంది, వచ్చి ఆగిపోతుంది. ఇలాంటిది మన దగ్గర పెరిగినవాళ్ళకే తగులుతుంది, ఏ దేశం జడ్జీకి పంపినా ఇది అందదు, పంపేటప్పుడు చింతపిక్కలతోపాటు ఒక బాల్యం కూడా పంపాలి.

రెండో వారం నాకు సున్నా పడింది. ఫోన్‌లో అత్తమ్మకు మూడు అని చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, ఆటే కదా, ఒకటి అనొచ్చు. ఆమె బిడ్డ ఫీజు కట్టేసింది. ఇక తగ్గించి చెప్తే బాగుండదు కదా. మూడో వారం ఒకటి పడితే నాలుగు అన్నాను. నాలుగో వారం నాలుగు అన్నాను. ఐదో వారం కూడా నాలుగు. మా ఆయన నిజమే చెప్తూ పోయాడు, ఆయనతో అత్తమ్మ ముభావంగా మాట్లాడటం మొదలుపెట్టింది, సొంత కొడుకుతో, "నీ పక్కనే ఉన్న ఆమెకు మిగులుతుంటే నీకెందుకు మిగలదు" అని. ఆయన నా మొహం చూశాడు. నేను పిక్కలు ఏరుకుంటున్నాను.

పదో వారం బస్సు ఎక్కి ఇంటికి వస్తారు. ముంత కుమ్మరించాలి. కాగితంలో చివరి వాక్యం, దిద్దకుండా చదువుతాను: "ముంత కుమ్మరిచ్చినంక లెక్కవెట్టుండ్రి. తర్వాత ఎవ్వలు ఏం అనొద్దు. చాయ్ తాగాలె."

లెక్కపెట్టాం. చాయ్ పెట్టాను. రాత్రి గిన్నెలు కడిగేటప్పుడు అత్తమ్మ వెనక నిలబడి, "వరుసవెట్టి మూడుసార్లు చెమ్మా వడ్డదంట. నా బతుకుల ఎన్నడు సూడలే" అంది. నాలుగూ తెల్లగా పడటం పదహారింట ఒకటి, వరసగా మూడుసార్లంటే 4096లో ఒకటి, ఇరవై ఏళ్ళుగా లెక్కలు చెప్తున్నాను, ఆ లెక్క నాకు తట్టలేదు, ఆమెకు తట్టింది. మరి అప్పుడే ఎందుకు అడగలేదు అత్తమ్మా అన్నాను. "అడిగితె ఏమొస్తది, ఇంకోటి చెప్తవు" అంది. మా మామయ్య పెళ్ళయిన కొత్తలో ఐదేళ్ళు బొంబాయిలో ఉన్నాడన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

ఆ రాత్రి నా మార్కుల కాగితం తీసి చూసుకున్నాను. నేను అసంపూర్ణం అన్న చోట అతను తెలిసే ఆగాడు. అబద్ధానికి రూలు పెట్టి, అబద్ధమాడితే ఇన్ని గింజలు జరిమానా అని రాసుంటే నేనే ఎనిమిది వేసేదాన్ని, ఆట చచ్చిపోయేది. ఏది రాయాలో తెలియడం ఒక పని, ఏది రాయకుండా వదలాలో తెలియడానికి ఎన్నిసార్లు ఆడి చూసుకుని ఉండాలో ఆలోచించండి. ఇంకోటి, ఆట ఎక్కడ ఆపాలో అతనికి తెలుసు. అవేరీ ఆల్డర్ అనే డిజైనర్ ది క్వైట్ ఇయర్ అని ఒక ఆట చేసింది, అందులో పేకముక్కలు ఒక్కొక్కటి ఒక్కో వారం, ఇస్పేటు రాజు ఎప్పుడొస్తే అప్పుడు ఆట అయిపోయినట్టే, మీ పని మధ్యలో ఉన్నా సరే. ఆ ఆటలో ఇంకో సొగసు, ఊరివాళ్ళు మిమ్మల్ని అడగకుండా ఏదైనా నిర్ణయం చేస్తే మీరు నోరు విప్పి వాదించకూడదు, ఒక బిళ్ల తీసుకుని ముందు పెట్టుకోవాలి. మేం దానికి అలక బిళ్ల అని పేరు పెట్టుకున్నాం. ఎవరి ముందు ఎన్ని బిళ్లలున్నాయో చూస్తే ఊరు ఎట్లా నడుస్తోందో తెలిసిపోతుంది. ముంతలో ఆ బిళ్ల కూడా లేదు, అత్తమ్మ ముభావమే బిళ్ల.

ముంతకు బహుమతి ఇచ్చాం. నలుగురం ఒకే మాట మీద. ఫోన్ చేసి చెప్పడం నా వంతు పడింది. నాగర్‌కర్నూల్ దగ్గర జిరాక్సు షాపు నడుపుకుంటాడు, పదో తరగతి దాకా చదివాడు, మన ఆర్పీజీలు ఒక్కటి కూడా ఆడలేదు, వాట్సాప్ మెసేజ్‌లో మేం రాసిన నాలుగు లైన్ల వివరణ చదివి చేశాడు. ఈ రూల్స్ ఎట్లా తట్టాయి తమ్మీ అని అడిగాను. "మా నాయన ఫోన్ జేసేటోడక్కా, ఎస్టీడీ బూతుకు. మా అమ్మ స్పీకర్‌ల వెట్టకపోయేది. ఆమె మొకం జూసి ఎంతన్నడో నేను లెక్కవెట్టుకునేటోన్ని" అన్నాడు. నేను ఎర్ర పెన్ను సంగతి కూడా చెప్పేశాను, మూడు మార్కులని. నవ్వాడు. "పదిల మూడంటే పాస్ గాదా అక్కా?" అన్నాడు. కాదు అన్నాను.

శాలువా వద్దన్నాడు, ఎండాకాలం ఏం చేసుకోవాలని. 1116 సంగతి అడిగితే ఒక్క నిమిషం ఆలోచించి, "ఆ పైసలతోటి ఆట కాగితం జిరాక్సులు తీపియ్యుండ్రి అక్కా, అందరికి పంచుండ్రి" అన్నాడు. ఎంత మంచి మనసు అనుకుంటుండగానే, "మా షాపులనే తీపియ్యాలె" అన్నాడు. [నవ్వులు, చప్పట్లు]

తీయించాం. కట్టలు రెండు మెట్ల దగ్గర కుర్చీ మీద ఉన్నాయి, పోయేటప్పుడు తలా ఒకటి తీసుకోండి. బొటనవేలు ఈసారి కూడా పడింది, అడ్డం తీయకపోతే ఊరుకోను అన్నా వినలేదు. చింతపిక్కలు మాత్రం ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి, బండ మీద అరగదీసి బద్దలు చేసుకోండి. చాయ్ వచ్చినట్టుంది.